రెక్క వంకరా, చెయ్యి వంకరా?

ప్లాస్టిక్ విమానం కిట్లు అంటించే పిల్లలున్న ఇళ్ళల్లో ఒక మాట తరచూ వినిపిస్తుంది. విమానం తయారై బల్ల మీదకి వస్తుంది. ఎదురుగా కూర్చుని చూస్తే ఒక రెక్క పైకి, ఒక రెక్క కిందకి. తోక ఇంకో పక్కకి ఒరిగి ఉంటుంది. చూసిన పెద్దవాళ్ళు "కాస్త కుదురుగా చెయ్యకూడదట్రా" అంటారు. ఆ ఒక్క మాటతో తప్పంతా పిల్లవాడి చేతుల మీదికి వచ్చేస్తుంది.

మా అబ్బాయికి పద్నాలుగేళ్ళు. రెండేళ్ళుగా వాడికి ఈ కిట్లే లోకం. సెలవుల్లో మా భోజనాల బల్ల సగం వాడిదే. ఇంట్లో ఉండే వస్తువు గురించి కాస్త తెలుసుకుందామని, ఈ బొమ్మలు మొదట ఎవరు చేశారు, ముక్కలు ఎందుకు సరిగ్గా కలవవు అని చదవడం మొదలుపెట్టాను. బొమ్మల చరిత్ర నన్ను అసలు విమానాల చరిత్రలోకి లాక్కెళ్ళింది. అక్కణ్ణించి జాకెట్టు లైనింగు బట్టలోకి, మన హైదరాబాదులోకి కూడా తీసుకెళ్ళింది. అంతా చదివాక నాకు తేలింది ఒకటే. సూటిదనం ఎప్పుడూ పెట్టెలో పెట్టి రాలేదు. బొమ్మకే కాదు, అసలు విమానానికీ రాలేదు. జోడించే మనిషి కొలిచి, పట్టుకుని, ఆగి, దాన్ని తేవాల్సిందే.

మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాలు తలుచుకోండి. కర్ర చట్రం, దాని మీద నార బట్ట, ఒకదాని పైన ఒకటిగా రెండు జతల రెక్కలు, వాటి మధ్య నిలువు కర్రలు, అడ్డదిడ్డంగా కనిపించే తీగలు. ఆ తీగలే రెక్కల్ని నిలబెట్టేవి. ప్రతి తీగకీ మర తిప్పి బిగించే ఏర్పాటు ఉండేది. ఒక తీగ కాస్త ఎక్కువ బిగిస్తే రెక్క చివర లేచేది, వదులు చేస్తే దిగేది. నవారు మంచం బిగించిన ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఒక మూల లాగితే ఎదుటి మూల కదులుతుంది.

ఈ తీగల్ని సరిచూసే మనిషిని రిగ్గర్ అనేవారు. అతని పనిముట్లు ఏమిటో తెలుసా? దారం, దారానికి కట్టిన గుండు, కొలత టేపు, పొడవాటి సాపు బద్ద, రసమట్టం, వాలు కొలిచే చిన్న పరికరం. మన మేస్త్రీల సంచీలో ఉండేవే దాదాపు అన్నీ. 1917లో కెప్టెన్ హొరేషియో బార్బర్ అనే ఆయన 'ది ఏరోప్లేన్ స్పీక్స్' అనే పుస్తకం వేశారు. అందులో రిగ్గర్ల పని గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది.

పనికి ఒక క్రమం ఉండేది. ముందు విమానం ఒంటిని, అంటే మనుషులు కూర్చునే పొడవాటి భాగాన్ని, బల్లల మీదికెక్కించి మట్టం చేసేవారు. అది సరిగ్గా లేకపోతే దాన్నిబట్టి కొలిచేవన్నీ తప్పే. తర్వాత దాని నడినెత్తిన ఉండే మధ్య రెక్క ముక్క. ఆ తర్వాతే పక్క రెక్కలు. చివర తోక. రెక్కలు బిగించాక ఒక చివర నుంచి రెండో చివరకి దారం లాగి, మధ్యలో దారానికీ మధ్య ముక్కకీ ఉన్న ఎడం కొలిచేవారు. రెక్కలు రెండూ ఎంత పైకి లేచి ఉన్నాయో దాన్నిబట్టి తెలిసేది. ఎదుట నుంచి చూస్తే రెక్కలు బారుగా చాపినట్టు కాక, కాస్త పైకెత్తిన చేతుల్లా ఉంటాయే, ఆ వాలుని డైహెడ్రల్ అంటారు. తర్వాత టేపు తీసుకుని కుడి రెక్క చివరి నుంచి తోక దాకా, ఎడమ రెక్క చివరి నుంచి తోక దాకా కొలిచేవారు. రెండు కొలతలూ ఒక్కటైతేనే రెక్కలు సూటిగా ఉన్నట్టు.

ఇదంతా చాదస్తం కాదు. రెండు రెక్కల వాలు వేరువేరుగా ఉంటే విమానం ఎగిరినంతసేపూ ఒక పక్కకే ఒరుగుతుంది. నడిపే మనిషి గంటల తరబడి కర్రని రెండో పక్కకి నెట్టి పట్టుకోవాలి. కారు చక్రాల అలైన్‌మెంటు పోతే స్టీరింగు ఒక పక్కకి లాగుతుంది చూడండి, అదే తంటా, కాకపోతే వేల అడుగుల ఎత్తున, శత్రువుల మధ్య.

ఆ రోజుల్లో ఒక విమానానికి మన ఊరితో చుట్టరికం ఉంది. డీహెచ్ 9ఏ అని రెండు జతల రెక్కల బాంబర్. రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకి దాదాపు 14 మీటర్లు. 1918లో బ్రిటన్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కి ఈ విమానాలు కొనడానికి డబ్బిచ్చింది హైదరాబాదు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. ఆ విమానాల మీద ఆయన కానుక అని రాసి ఉండేది. స్క్వాడ్రన్ పేరులోనే హైదరాబాదు చేరింది. వాటిలో ఎఫ్ 1010 అనే విమానం 1918 అక్టోబరు 5న జర్మన్ల చేతికి చిక్కింది. బెర్లిన్‌లో ప్రదర్శనకి పెట్టారు. రెండో యుద్ధకాలంలో అది పోలెండుకి చేరింది. చివరికి 1977లో బ్రిటన్‌కి తిరిగొచ్చి ఇప్పుడు లండన్‌లోని వైమానిక దళ మ్యూజియంలో ఉంది. మన రాజ్యంలో వసూలైన డబ్బు అక్కడ రెక్కలై నిలబడి ఉందన్నమాట. ఆ రెక్కలకీ ఒకప్పుడు ఎవరో రిగ్గర్ దారం పట్టి చూసి ఉంటాడు.

రెక్కల మీది నార బట్ట గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన బొమ్మల కథ అక్కడే మొదలవుతుంది. ఆ బట్టని కుట్టింది ఎక్కువగా ఆడవాళ్ళే. బ్రిటన్ ఫ్యాక్టరీల్లో వరుసగా కూర్చుని రెక్కల తొడుగులు కుట్టేవారు. తొడిగాక డోప్ అనే ద్రవం పూసేవారు. అది ఆరుతూ ముడుచుకునేది, దాంతో బట్ట డప్పు చర్మంలా బిగుసుకునేది. ఆ పని ప్రాణాల మీదికి కూడా తెచ్చింది. మొదటి రోజుల్లో డోప్‌లో కలిపిన టెట్రాక్లోరోఈథేన్ అనే ద్రావకం ఆవిర్లు పీల్చి కార్మికులకి పచ్చకామెర్లు వచ్చాయి, కొందరు చనిపోయారు. చనిపోయినవాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. తర్వాత ఆ ద్రావకాన్ని మాన్పించారు. పిల్లలు జిగురు వాడేటప్పుడు కిటికీ తెరిచి పెట్టమని నేను పదే పదే ఎందుకంటానో ఇది చదివినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

డోప్‌లోని అసలు సరుకు సెల్యులోజ్ ఎసిటేట్. స్విట్జర్లాండ్‌కి చెందిన డ్రేఫస్ అన్నదమ్ములు, కామిల్, హెన్రీ, యుద్ధకాలంలో బ్రిటన్ వచ్చి స్పాండన్ అనే చోట దాన్ని పెద్ద ఎత్తున తయారు చేశారు. యుద్ధం అయిపోయింది. విమానాలకి డోప్ అక్కర్లేకపోయింది. అంత పెద్ద ఫ్యాక్టరీని ఏం చేయాలి? ఆ సరుకునే దారంగా తీసి కృత్రిమ పట్టు చేశారు. 1920లలో అది ఆడవాళ్ళ దుస్తులుగా, లోపలి లైనింగులుగా బజారుకొచ్చింది. ఎసిటేట్ లైనింగు అని ఇప్పటికీ బట్టల కొట్లలో వినే మాట అదే. కళ్ళజోడు ఫ్రేములూ దాంతో చేశారు. అదే సరుకు 1936లో పిల్లల చేతుల్లోకి కూడా వచ్చింది.

ఆ ఏడాది బ్రిటన్‌లో ఫ్రాగ్ అనే పేరుతో ఎగిరే బొమ్మ విమానాలు అమ్మే సంస్థ, ఎగరని బొమ్మల వరుస ఒకటి మొదలుపెట్టింది. ఎగరని పక్షి కాబట్టి పెంగ్విన్ అని పేరు పెట్టారు. ముక్కలు విడివిడిగా వస్తాయి, ఇంటికి తెచ్చుకుని అంటించుకోవాలి. ప్లాస్టిక్ విమానం కిట్ అనే మాటకి మొదలు ఇదే. కొలత అసలు విమానంలో 72వ వంతు. అంతకు ముందు నుంచే కర్ర బొమ్మలకి ఈ కొలత వాడుకలో ఉంది. ఆరడుగుల మనిషి ఒక్క అంగుళం అవుతాడు కాబట్టి లెక్క తేలిక.

చిక్కేమిటంటే ఆ కిట్లు చేసింది సెల్యులోజ్ ఎసిటేట్‌తో. బట్టని బిగించడానికి పనికొచ్చిన ముడుచుకునే గుణమే ఇక్కడ శాపమైంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ ప్లాస్టిక్ ముడుచుకుని మెలి తిరుగుతుంది. ఎంత ఒడుపుగా అంటించినా సరే, కొన్నేళ్ళకి రెక్కలు అప్పడాల్లా వంగేవి. అప్పటి పెంగ్విన్ బొమ్మ ఈరోజు వంకరగా కనబడితే, 1936లో దాన్ని అంటించిన పిల్లవాణ్ణి తప్పు పట్టడానికి లేదు.

బొమ్మ సూటిగా ఉండడం ఒక అందం విషయమేగా, దానికింత రాద్ధాంతమా అనిపించవచ్చు. ఒక కాలంలో అది ప్రాణాల విషయమైంది.

1939 సెప్టెంబరు 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. మూడు రోజులు తిరక్కుండానే, సెప్టెంబరు 6న, బ్రిటన్ స్పిట్‌ఫైర్లు బ్రిటన్ హరికేన్లనే శత్రువుల విమానాలనుకుని రెండింటిని కూల్చేశాయి. ఒక పైలట్ చనిపోయాడు. ఆ యుద్ధంలో చనిపోయిన మొదటి బ్రిటిష్ ఫైటర్ పైలట్ అతనే, అదీ సొంతవాళ్ళ చేతిలో. రాడార్ హెచ్చరికల్లో వచ్చిన గందరగోళం ఒక కారణం. ఎదుట ఉన్నది ఏ విమానమో ఆకాశంలో గుర్తుపట్టలేకపోవడం ఇంకో కారణం.

ఇలాంటివి జరక్కుండా విమానాల్ని ఆకారాన్నిబట్టి గుర్తుపట్టడం నేర్పాలి. బొమ్మలు కావాలి. 1942 మొదట్లో అమెరికా నౌకాదళం తమ దేశంలోని హైస్కూలు పిల్లల్ని అడిగింది. 50 రకాల విమానాలు, ఒక్కో రకానికి 10,000, మొత్తం 5,00,000 బొమ్మలు. కర్రతో, అదే 72వ వంతు కొలతలో, నల్లరంగు వేసి. నీడలాగా ఆకారం మాత్రమే కనబడాలని నలుపు. లెక్క చూడండి. ఆ బొమ్మని 35 అడుగుల దూరం నుంచి చూస్తే, అసలు విమానాన్ని 2,520 అడుగుల దూరం నుంచి చూసినట్టు. అంటే దాదాపు అర మైలు.

స్కూళ్ళకి పటాలు పంపారు, వంపులు సరిచూసుకునే అచ్చులు పంపారు. కొలత తప్పినవాటిని తీసుకోలేదు. ఎందుకంటే సైనికులకి నేర్పే పాఠం రెక్కలతోనే మొదలవుతుంది. రెక్కలు పైకి లేచి ఉన్నాయా, సాపుగా ఉన్నాయా, మధ్యలో విరిగి ఉన్నాయా చూడాలి. తర్వాత ఇంజను, ఒళ్ళు, తోక. రెక్కల వాలు తప్పిన బొమ్మతో నేర్చుకున్నవాడు రేపు ఫిరంగి వెనక నిలబడి మనవాణ్ణే కాల్చవచ్చు. ఆ వాలు పద్నాలుగు పదిహేనేళ్ళ పిల్లల చేతుల్లో ఉంది. నమ్మి ఇచ్చారు, కొలిచి తీసుకున్నారు. రెండూ చేశారు కాబట్టే ఆ పిల్లల బొమ్మలు పనికొచ్చాయి.

యుద్ధం తర్వాత ప్లాస్టిక్ మారింది. నికొలస్ కోవ్ అనే హంగేరీ దేశస్థుడు 1939లో లండన్‌లో ఎయిర్‌ఫిక్స్ అనే సంస్థ పెట్టాడు. మొదట గాలి ఊదే రబ్బరు బొమ్మలు, తర్వాత ప్లాస్టిక్ దువ్వెనలు చేశాడు. 1952లో వూల్‌వర్త్ దుకాణాల కోసం గోల్డెన్ హైండ్ అనే ఓడ కిట్ తెచ్చారు. ధర రెండు షిల్లింగులే ఉండాలన్నారు. అందుకని అట్టపెట్టె మానేసి ప్లాస్టిక్ సంచీలో పెట్టారు, ఎసిటేట్ మానేసి పాలీస్టైరీన్ వాడారు. పాలీస్టైరీన్ ఎసిటేట్‌లా ఏళ్ళ తరబడి ముడుచుకుపోదు. కొన్నాళ్ళకే 72వ వంతు స్పిట్‌ఫైర్ వచ్చింది. అది అమెరికాలో ఆరోరా అనే సంస్థ చేసిన పెద్ద కొలత కిట్‌ని చూసి చిన్నది చేసింది. అసలు విమానాన్ని కొలిచి చేసింది కాదు. మూలంలో ఉన్న తేడాలు పిల్లలోకీ వస్తాయి, చుట్టాల్లో వంశపారంపర్యంగా వచ్చే ముక్కులాగా.

సరుకు మారినా అచ్చు బాధలు పోలేదు. కజ్జికాయల అచ్చు మనకి తెలుసు. రెండు రెక్కలు సరిగ్గా కలవకపోతే అంచు ఒక పక్క మందంగా, ఒక పక్క సన్నంగా వస్తుంది. అచ్చు అరిగిపోతే పిండి పక్కలకి పొంగి పలచటి అంచు వేలాడుతుంది. ప్లాస్టిక్ ముక్కలకీ అంతే. కరిగించిన ప్లాస్టిక్‌ని ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో నెడతారు. చల్లారాక తీస్తారు. చల్లారేటప్పుడు అది కొద్దిగా, వందో వంతులోపే, ముడుచుకుంటుంది. మందంగా ఉన్నచోట ఆలస్యంగా చల్లారి అక్కడ గుంట పడుతుంది. ఇంకా వేడిగా ఉండగానే తీసేస్తే పొడవాటి సన్నని ముక్కలు మెలి తిరుగుతాయి. రెక్కకన్నా పొడవాటి, సన్నని ముక్క కిట్లో ఇంకేముంటుంది?

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. వంకరంతా తప్పు కాదు. కొన్ని విమానాలు పుట్టుకతోనే, కావాలనే, వంకరగా ఉన్నాయి. ఇటలీ వాళ్ళ మక్కీ సి 202 యుద్ధవిమానానికి ఎడమ రెక్క కుడి రెక్క కన్నా సుమారు 20 సెంటీమీటర్లు పొడవు. ముందున్న పంకా ఒక దిశలో తిరుగుతుంటే విమానం దానికి ఎదురు దిశలో ఒరగాలని చూస్తుంది, దాన్ని సరిచేయడానికి ఆ ఏర్పాటు. 72వ వంతులో అది మూడు మిల్లీమీటర్ల కన్నా కాస్త తక్కువ. తెలియని పిల్లవాడు అది అచ్చు తప్పనుకుని ఉప్పు కాగితంతో అరగదీసేస్తాడు. మొదటి యుద్ధం నాటి సాప్‌విత్ కేమెల్‌కి కింది రెక్కలు పైకి లేచి ఉంటాయి, పై రెక్క మాత్రం సాపుగా ఉంటుంది. స్పిట్‌ఫైర్ రెక్క మొదట్లో రెండు డిగ్రీలు పైకి చూస్తుంటే, చివరికొచ్చేసరికి అర డిగ్రీ కిందకి చూస్తుంది. విమానం మరీ నెమ్మదించినప్పుడు రెక్క చివర్ల కన్నా ముందు మొదలు పట్టు తప్పి, వణుకుతో పైలట్‌ని హెచ్చరించాలని ఆ మెలిక పెట్టారు. మొదటి రకాల్లో రెక్కల కింద కుడి పక్క పెద్ద రేడియేటర్ డబ్బా, ఎడమ పక్క చిన్న ఆయిల్ కూలర్ ఉంటాయి. అందుకని సరిచేసే ముందు తెలుసుకోవాల్సింది, అసలు అది ఎలా ఉండాలి అని. ఇద్దరు పిల్లలున్న తల్లులకి ఇది నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

మా ఇంట్లో ఈ వేసవిలో మొదలైంది స్పిట్‌ఫైరే. బ్రిటన్ కోసం 1940లో జరిగిన ఆకాశయుద్ధంలో 152వ స్క్వాడ్రన్ అని ఒకటుంది. దాని పేరులోనూ హైదరాబాదు ఉంది, చిహ్నంలో నిజాం తలపాగా ఉంది. ఇంగ్లండు దక్షిణాన వార్మ్‌వెల్ నుంచి స్పిట్‌ఫైర్లు నడిపారు. విమానం పక్కన యూఎం అనే అక్షరాలుండేవి. ఆ అక్షరాలతో చేస్తానని మా అబ్బాయి పట్టు పట్టాడు. అంతకు ముందు వాడు చేసిన రెండు విమానాలూ ఒరిగిపోయాయి. వాళ్ళ నాన్న "ఇది కూడా ఇలాగే వస్తే ఇదే ఆఖరు, శ్రద్ధ లేని పని డబ్బు దండగ" అన్నారు. వాడు మారు మాట్లాడలేదు. తన చేతులు పనికిరావని వాడికీ నమ్మకం కుదిరిపోయింది. నాకు భయం వేసింది ఆ నమ్మకం చూసే.

ఈసారి జిగురు పెట్టకముందే టేపుతో బిగించి చూడమన్నాను. రిగ్గర్ల క్రమం చెప్పాను, ముందు ఒళ్ళు, తర్వాత రెక్కలు, చివర తోక. 72వ వంతు స్పిట్‌ఫైర్ రెక్కలు మొత్తం 15.6 సెంటీమీటర్లు. ఒక్క డిగ్రీ తేడా వస్తే రెక్క చివర మిల్లీమీటరు పైనే తేడా కనబడుతుంది. అసలు విమానంలో అది దాదాపు 10 సెంటీమీటర్లు. ఎదుట నుంచి చూస్తే కుడి రెక్క కిందకి ఉన్నట్టే ఉంది, కానీ కంటికి ఎంతని తెలుస్తుంది?

మా అత్తయ్య వయసులో ఉన్నప్పుడు వీధి అందరికీ జాకెట్లు కుట్టిన మనిషి. కుర్చీలో కూర్చుని ఇదంతా చూస్తున్నారు. "ఒరేయ్, జాకెట్టయితే రెండు భుజాలూ మడిచి ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తాం. దీన్ని మడవలేవు కదా, దారం పట్టు" అన్నారు. తోక కొసకి దారం ఆనించి కుడి రెక్క చివరికి పట్టి, గోటితో గుర్తు పెట్టి, అదే దారాన్ని ఎడమకి తిప్పారు. సరిగ్గా సరిపోయింది. అంటే రెక్కలు ముందుకీ వెనక్కీ సూటిగానే ఉన్నాయి. తేడా పైకీ కిందకీ మాత్రమే. 1917 నాటి పుస్తకంలోని పని మా అత్తయ్య ఏ పుస్తకమూ చదవకుండా చేసేశారు.

అప్పుడు రెక్కల అడుగు ముక్కని విడిగా తీసి అద్దం పలక మీద పెట్టాడు. ఒక పక్క చివర ఆనింది, రెండో పక్క మెలి తిరిగి లేచింది. వంకర ముక్కలోనే ఉంది. అచ్చులోంచి అలాగే వచ్చింది. వాడు ఆ ముక్క వంక చూసిన చూపు నేను చెప్పలేను. అంతసేపూ వంచుకున్న తల ఎత్తాడు.

సరిచేయడం పెద్ద విద్యేం కాదు. పాలీస్టైరీన్ 100 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, కాబట్టి మరిగే నీళ్ళు పనికిరావు, రూపమే పోతుంది. పొగలు వచ్చే వేడి నీళ్ళలో ఆ చివరని ఒక నిమిషం ముంచి, మెలికకి ఎదురు దిశలో కాస్త తిప్పి పట్టుకుని, అలాగే చన్నీళ్ళలో పెట్టాలి. ఒకసారికి కాదు, మూడు నాలుగు సార్లు కొంచెం కొంచెంగా. వేడి నీళ్ళ గిన్నె దగ్గర పెద్దవాళ్ళుండాలి. స్పిట్‌ఫైర్‌కి ఉండాల్సిన ఆ చిన్న మెలిక రెండు పక్కలా సమానంగా ఉండేలా చూసుకున్నాడు.

తర్వాత రెక్కకీ ఒంటికీ మధ్య సన్నని సందు మిగిలింది. రెక్క చివరల మధ్య పైనుంచి టేపు లాగి అంటిస్తే రెక్కలు కాస్త లేచి సందు మూసుకుంటుంది. రెండు పక్కలా వాలు సరిపోయాక, టేపు అలాగే ఉంచి జిగురు పెట్టాడు. ఈ జిగురు మన మామూలు బంకలాంటిది కాదు, రెండు అంచుల్నీ కాస్త కరిగించి ఒకటి చేస్తుంది. అందుకే అంటించిన కాసేపటి వరకూ సర్దుకోవడానికి వీలుంటుంది, తర్వాత రాత్రంతా ముట్టుకోకూడదు. రెండు పక్కలా ఒకే ఎత్తున పుస్తకాలు పేర్చి రెక్క చివర్లు వాటి మీద ఆనించి వదిలేశాడు. తోక రెక్కలు మర్నాడు, ఆరిన రెక్కల్ని చూసుకుంటూ పెట్టాడు. వెనక నుంచి చూస్తే తోక రెక్కలు రెండూ పెద్ద రెక్కల మీద ఒకే ఎత్తున కనబడాలి, నిలువు తోక మధ్యలో లంబంగా నిలవాలి. మొదటి చుక్కల వరస సాపుగా పడితే ముగ్గు మొత్తం సాపుగా వస్తుంది కదా, ఇదీ అంతే. తోక ముందు అంటించి రెక్కలు తర్వాత పెడితే దేన్ని చూసి దేన్ని సరిచేయాలో తెలియదు.

సాయంత్రం వాళ్ళ నాన్న స్కేలు తెచ్చి బల్లకీ రెక్క చివరకీ మధ్య ఎత్తు రెండు పక్కలా తనే కొలిచారు. రెండోసారి కూడా కొలిచారు. ఆఖరి కిట్ అనే మాట మళ్ళీ ఎత్తలేదు. యూఎం అక్షరాలు ఏ వైపు ఎలా ఉండాలని వాణ్ణే అడిగారు.

ఈ చరిత్రంతా చదివి నేను దాచుకున్నది ఒక వరస. వంకర కనబడినప్పుడు ముందు అది ఎలా ఉండాలో తెలుసుకోవాలి. తర్వాత కొలవాలి. కొలిచాక, వంకర ముక్కలో ఉందా, జోడించిన క్రమంలో ఉందా, ఆరేదాకా ఆగకపోవడంలో ఉందా చూడాలి. చెయ్యి గురించి మాట్లాడడం వీటన్నిటి తర్వాత. వంద ఏళ్ళ క్రితం యుద్ధ విమానాల దగ్గర నిలబడిన రిగ్గర్లు కూడా ఎదుటివాణ్ణి తిట్టే ముందు దారం తీసేవారు. మన ఇళ్ళల్లో దారానికి కరువు లేదు. ఒక ఉండ పిల్లల పెట్టెలో కూడా పడేయండి.